గాడిలో పడండి బాబూ!

మొన్న ఆఫీసు క్యాంటీన్లో టీ తాగుతుంటే మా టీమ్ కుర్రాడొకడు దిగాలు మొహం వేసుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అప్రైజల్ తేడా కొట్టిందేమో అనుకున్నా. కాదట. "అన్నా, ఫొటోగ్రఫీలో రట్‌లో పడిపోయా. ఆర్నెల్లుగా ఏం తీసినా నాకే నచ్చట్లేదు. 85 ప్రైమ్ ఒకటి కొంటే సెట్టవుతుందంటావా?" అన్నాడు.

వద్దన్నా. వాడు విన్లేదు లెండి, ఆ సాయంత్రమే ఆర్డరు పెట్టేశాడు, అదీ ఈఎంఐలో. వాడితో వాదన అక్కడ సగంలో ఆగిపోయింది కాబట్టి మిగతా సగం ఇక్కడ వినిపిస్తున్నా. ఎందుకంటే ఇది వాడొక్కడి గోల కాదు. మన సాఫ్టువేరు జనాల్లో మెడలో కెమెరా వేలాడేసుకున్న ప్రతివాడికీ మూడో ఏటో ఐదో ఏటో ఈ జబ్బు తగులుకుంటుంది. నాకూ తగిలింది. రెండేళ్ళు తీసుకున్నా.

ఈ జబ్బుకి ఎవర్నడిగినా చెప్పే మందు ఒకటే, కొత్తదనం. కొత్త లెన్సు, కొత్త ఊరు, కొత్త ప్రీసెట్టు, రోజుకో ఫొటో చొప్పున ఏడాది ఛాలెంజి. నా మటుకు నాకు అది మందు కాదు, జబ్బే. ఈ మాట ఊరికే అనట్లేదు, డబ్బులు తగలేసి మరీ అంటున్నా.

అసలీ 'రట్' అన్న మాట చూడండి. మట్టి రోడ్డు మీద బండి చక్రాలు పదే పదే నడిచి పడ్డ చాలుకి ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేరది. వాళ్ళకి అందులో పడటమంటే ఇరుక్కుపోవటం. మనకీ ఆ చాలుకి ఓ పేరుంది: గాడి. ఐతే మనవాళ్ళు దాన్ని తిట్టుగా వాడరు. ఉద్యోగం వచ్చి కుదురుకున్న కుర్రాణ్ణి చూసి "హమ్మయ్య, గాడిలో పడ్డాడు" అంటారు. చెడిపోయినవాణ్ణి చూసి "గాడి తప్పాడు" అంటారు. వానాకాలం నల్లరేగడిలో బండి తోలినవాళ్ళకి తెలుసు, గాడి వదిలితే ఎక్కడ దిగబడతారో. మన ఫొటోల బండి దిగబడింది గాడిలో పడి కాదు మహాప్రభో, గాడి లేక.

నా కథ చెప్తా. 2009లో ఆన్‌సైట్ నుంచి వస్తూ మొదటి డీఎస్సెల్లార్ తెచ్చుకున్నా. మొదటి మూడేళ్ళు స్వర్గం. చీమని తీసినా అద్భుతమే, చెట్టుని తీసినా అద్భుతమే. తర్వాత వీకెండు బ్యాచిలో చేరా. తెల్లారుజామున నాలుగింటికి కారెక్కడం, గండికోట, లంబసింగి, లక్నవరం. ఊళ్ళోనే ఉంటే చార్మినారు, కుతుబ్ షాహీ సమాధులు. రంజాన్ నెలొస్తే పాతబస్తీలో హలీం బట్టీల పొగ. పదిమందిమి వరసగా ట్రైపాడ్లు పాతేవాళ్ళం. పదిమందికీ ఒకటే ఫొటో వచ్చేది. ఒకరి ఫొటోకి ఒకరం "కిర్రాక్ బాసూ" అనుకునేవాళ్ళం.

2017 వచ్చేసరికి ఏం తీసినా ఇదివరకే తీసినట్టుండేది. ఉండటమేంటి, నిజంగానే ఇదివరకు తీసినవే! దానికి వైద్యం కింద ముందు ఒక వైడ్ లెన్సు కొన్నా. తర్వాత ఫుల్ ఫ్రేమ్ బాడీ. తర్వాత నీళ్ళని పాలలాగా చేసే ఫిల్టర్లు. ప్రతి కొనుగోలూ సరిగ్గా మూడు వారాలు పనిచేసేది. నాలుగో వారం నుంచి మళ్ళీ గానుగెద్దు తిరుగుడు. కళ్ళకి గంతలు మాత్రం కొత్తవి, కాస్త ఖరీదైనవి.

2019 ఆగస్టులో నాన్న పోయారు. పెద్దకర్మకి ఫ్రేము కట్టించాలి, మంచి ఫొటో ఒకటి కావాలి. ఇంట్లో ఫొటోగ్రాఫర్‌ని నేనే కదా, అందరూ నావైపు చూశారు. ల్యాప్‌టాప్ ముందేసుకుని ఓ రాత్రంతా వెతికా. పదేళ్ళలో నేను తీసినవి 41 వేల ఫొటోలు. అందులో నాన్న ఉన్నవి పదిహేడు. వాటిలో సగం వీపు. ఒకదాంట్లో నా ట్రైపాడ్ సంచీ పట్టుకుని నిలబడ్డారు, ఫోకస్ మాత్రం వెనకాల గాలిగోపురం మీద ఉంది. గోపురం బ్రహ్మాండంగా వచ్చింది.

"అన్ని వేల ఫొటోలు తీశావు కదరా, నాన్నగారిది ఒక్కటీ లేదా?" అంది అమ్మ. నిష్ఠూరంగా కూడా అన్లేదు, మామూలుగానే అడిగింది. చివరికి తెనాలిలో స్టూడియో అతను మా అక్క పెళ్ళినాటి గ్రూపు ఫొటోలోంచి ఆయన్ని కత్తిరించి పెద్దది చేసి ఇచ్చాడు. ఎడమ భుజం దగ్గర ఎవరిదో పట్టుచీర అంచు ఇంకా ఉంది. అదే ఇప్పుడు మా హాల్లో ఉన్న ఫొటో.

ఇది చెప్పి మిమ్మల్ని ఏడిపించాలని కాదు. హైదరాబాదు తిరిగొచ్చాక చేసిన పని గురించి చెప్పటానికి. మనవాళ్ళు చెయ్యాల్సిన పనే అది, కానీ చెయ్యం. సర్వరు స్లో అయిందంటే లాగ్ చూడకుండా "ర్యామ్ పెంచుదాం" అనేవాణ్ణి మనమేమంటాం? (మేనేజరు అంటాం, సరే, అది వేరే సంగతి :)) నేను పదేళ్ళుగా చేస్తోంది అదే. కాబట్టి ఈసారి లాగ్ చూశా. ప్రతి ఫొటోలోనూ తేదీ, టైము, ఎపర్చరు, ఫోకల్ లెంగ్తు రాసి ఉంటాయి కదా. ఎగ్జిఫ్‌టూల్‌తో అన్నీ లాగి, చిన్న పైథాన్ స్క్రిప్టు రాసి లెక్క పెట్టా.

వచ్చిన ఫలితం ఇది. నూటికి తొంభై ఫొటోలు శని, ఆదివారాలు పొద్దున తొమ్మిదిలోపు తీసినవి. సగం పైగా లెన్సు ఎపర్చరు పూర్తిగా తెరిచి తీసినవే, అంటే వెనకాల ఏముందో నాకు అక్కర్లేదన్నమాట. ఫోల్డర్ల పేర్లు చూస్తే మా ఇంటికి కిలోమీటరు లోపల తీసినవి, పిల్లాడి పుట్టినరోజులు తీసేస్తే, వంద కూడా లేవు. అన్నిటికంటే సిగ్గుచేటైంది చివరి లెక్క. బాగుందనో బాగోలేదనో ఒక మార్కు వేసినవి మొత్తం 212. మిగతా నలభై వేల చిల్లర కార్డులోంచి డిస్కులోకి దిగాయి, అంతే. తీసినవాడు కూడా చూడని ఫొటోలు.

అప్పుడర్థమైంది నా జబ్బేమిటో. ప్రేరణ లేకపోవటం కాదు. నాకు సంబంధం లేనిదాన్ని తీస్తున్నా, తీసినదాన్ని చూడట్లేదు. ఈ రెండూ ఉన్నంతకాలం ఏ లెన్సు పెట్టినా ఒకటే.

సలహాలిచ్చేవాళ్ళ లిస్టులో మొదటిది "ఎక్కువ తియ్యి, తీస్తూపోతే అదే వస్తుంది" అన్నది. గ్యారీ వినోగ్రాండ్ అని న్యూయార్కు వీధుల్ని తీసిన మహానుభావుడు. ఆయన 1984లో 56 ఏళ్ళకే పోయాడు. పోయేనాటికి తీసి కనీసం డెవలప్ కూడా చెయ్యని రీళ్ళు సుమారు 2,500 మిగిలాయి. రీలుకి 36 చొప్పున వేసుకుంటే 90 వేల ఫ్రేములు. డెవలప్ చేసి ప్రూఫులు వెయ్యనివి ఇంకో 6,500 రీళ్ళు. ఆయన్ని ముందునుంచీ నెత్తిన పెట్టుకున్న క్యురేటరు జాన్ జార్కోవ్‌స్కీయే ఆ చివరి ఏళ్ళ పని చూసి పెదవి విరిచాడు. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియంలో పెట్టిన ప్రదర్శన కోసం ఆ గుట్టని మళ్ళీ కెలికితే మంచివీ దొరికాయి, నిజమే. కానీ ఏరింది వేరేవాళ్ళు. వినోగ్రాండ్ కాబట్టి ఏరడానికి మ్యూజియాలు వచ్చాయి. నీ హార్డ్ డిస్కూ నా హార్డ్ డిస్కూ ఏరడానికి ఎవడొస్తాడు నాయనా?

రెండో సలహా "కొత్త చోటికి వెళ్ళు". చెక్ దేశస్థుడు యోసెఫ్ సుదెక్‌కి మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోయింది. ఒంటి చేత్తో పెద్ద పెద్ద కెమెరాలు మోసేవాడు. ప్రాగ్‌లో ఆయన స్టూడియో ఓ చిన్న చెక్క షెడ్డు. నాజీలు ఊరిని ఆక్రమించాక, 1940 నుంచి 1954 దాకా ఆ స్టూడియో కిటికీనే తీశాడు. అవే అద్దాలు, పట్టిన ఆవిరి, బయట పెరట్లో ఓ వంకర చెట్టు. పద్నాలుగేళ్ళు! మనం రెండోసారి లంబసింగి వెళ్తే బోరు.

ఇంకో ముసలాయన, ఆంద్రే కెర్తేస్. హంగరీలో పుట్టి న్యూయార్కులో స్థిరపడ్డాడు. 1977లో భార్య ఎలిజబెత్ పోయింది. అప్పటికాయనకి ఎనభై దాటాయి. మన భాషలో చెప్పాలంటే ఇక సర్దేసుకోవాల్సిన వయసు. చేతిలో పోలరాయిడ్ కెమెరా, అప్పటికి మామూలు జనం సరదాకి కొనుక్కునేది. దాంతో తన అపార్టుమెంటు కిటికీ దగ్గర ఓ గాజు బొమ్మ పెట్టుకుని, దాని మీద పడే వెలుగుని తీశాడు. ఆ బొమ్మ ఆయనకి భార్యని గుర్తుచేసేదట. 1981లో అవి పుస్తకంగా వచ్చాయి. కొత్త ఊరు లేదు, వీకెండు టూరు లేదు. తనకి సంబంధించిన ఒక్క వస్తువు ఉంది.

మూడోది మనకి బాగా ఇష్టమైన సాకు. "ఈ ఉద్యోగం వల్లే క్రియేటివిటీ చచ్చిపోయింది." దీనికి సమాధానం మన హైదరాబాదులోనే ఉంది. రాజా దీన్‌దయాళ్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు, సికింద్రాబాదులో స్టూడియో పెట్టినాయన, 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసం విడిగా జనానా స్టూడియో తెరిచినాయన. ఆయన చదువేంటో తెలుసా? రూర్కీలో ఇంజినీరింగు. ఉద్యోగం ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ డిపార్టుమెంటులో, ఎస్టిమేట్లు వేసే, డ్రాయింగులు గీసే పని. అంటే మనలాంటి గుమాస్తా ఇంజినీరే! 1870ల్లో ఫొటోలు మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి ఆ ఉద్యోగంతోపాటే తీశాడు. అప్పటి తడి కొలోడియన్ పద్ధతిలో గాజు పలకకి మందు పూసి, అది ఆరేలోగా ఫొటో తీసి, అక్కడికక్కడే డెవలప్ చెయ్యాలి. అన్ని పాట్లు పడాలంటే ఎదురుగా ఉన్నదాన్ని ముందు కాసేపు చూడక తప్పదు. మనది సెకనుకి పది ఫ్రేములు, చూడాల్సిన అవసరం ఏముంది?

"అంటే సామాను కొనటమే తప్పా?" అంటారు. కాదు. పురుగుల్ని తీసేవాడికి మ్యాక్రో లెన్సు కావాలి, పిట్టల్ని తీసేవాడికి టెలీ కావాలి. ఏం తియ్యాలో తెలిసి, ఉన్న సామానుతో కుదరక కొంటే అది పనిముట్టు. ఏం తియ్యాలో తెలీక కొంటే అది తాయెత్తు. అలాగే పన్నెండు గంటలు పనిచేసి ఇంటికొచ్చి ఫొటోలు తియ్యబుద్ధి కాకపోతే దాన్ని రట్ అనకండి, అలసట అంటారు. దానికి నిద్ర చాలు. "మరి మేం సరదాకి తీస్తున్నాం, నీకేంటి నొప్పి?" అనేవాళ్ళూ ఉన్నారు. ఏ నొప్పీ లేదు, హాయిగా తీసుకోండి. సరదాగా ఉన్నంతకాలం ఈ గొడవే లేదు. సరదా పోయి ఆర్నెల్లయిందని మొహం వేలాడేసినవాడితోనే నా పేచీ.

మరి నేనేం చేశానంటారా? గాడి వేసుకున్నా. 2019 అక్టోబరులో మా అపార్టుమెంటు గేటు పక్కనున్న ఇస్త్రీ బండితో మొదలెట్టా. పాత 35 లెన్సు ఒక్కటే. పొద్దున ఆఫీసుకి బయల్దేరే ముందు ఇరవై నిమిషాలు. రోజుకి పన్నెండు ఫ్రేములు, పదమూడోది లేదు. ఆదివారం పొద్దున వారంలో తీసినవన్నీ కూర్చుని చూడటం, ఒకటి ఉంచి మిగతావి పక్కన పెట్టటం, ఎందుకు పెట్టానో నోటుబుక్కులో ఓ వాక్యం రాయటం. అంతే రూలు.

మొదటి ఆరు వారాలు పరమ చెత్త. బొగ్గుల పెట్టె, నిప్పురవ్వలు, వెనకాల మసక. అంటే చార్మినారు దగ్గర తీసేదే ఇక్కడా తీస్తున్నా. నోటుబుక్కులో వరసగా ఆరు వారాలు ఒకటే వాక్యం, "ఇందులో మనిషి లేడు". ఏడో వారానికి తియ్యటానికి ఇంకేమీ మిగల్లేదు, అందుకని చూడటం మొదలెట్టా. ఆయన చొక్కా కాలరు మీద పెట్టె పెట్టేముందు వేళ్ళతో నీళ్ళు చల్లి ఒక్క క్షణం ఆగుతాడు. కుడి భుజం ఎడమదానికంటే కిందికి ఉంటుంది. ఎనిమిదిన్నరకి స్కూలు యూనిఫాంల తొందర, తొమ్మిది దాటాక ఒక బీడీ. ఎపర్చరు దానంతటదే ఎనిమిదికి పోయింది. ఎందుకంటే వెనకాల వేలాడుతున్న బట్టలూ ఆ బతుకులో భాగమేనని అప్పటికి తెలిసింది.

జనవరిలో ఒకటి మంచిది పడింది. ప్రింటు వేయించి ఇచ్చా. కంపోజిషన్ గురించి ఏమైనా అంటాడేమోనని వెర్రి ఆశ నాకు. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చూసి, వెనకాల తీగ మీది చొక్కా చూపించి, "ఇది 302 వాళ్ళది సార్, ఇచ్చేశా" అన్నాడు. ఎక్కడ మాట పడుతుందోనని! నాకొచ్చిన విమర్శల్లో అంత గట్టిది ఇంకోటి లేదు. ఎందుకంటే ఆయన ఫొటోలో ఉన్నదాన్ని చూశాడు. పదేళ్ళుగా నాకు "కిర్రాక్" అన్నవాళ్ళెవరూ ఆ పని చెయ్యలేదు, నేనూ వాళ్ళకి చెయ్యలేదు.

మార్చి 2020లో లాక్‌డౌన్ వచ్చి బండి మాయమైంది. ఆయన పాలమూరు వైపు సొంతూరికి పోయాడని వాచ్‌మన్ చెప్పాడు. నేను ఇంట్లో ఇరుక్కుని అమ్మని తియ్యటం మొదలెట్టా. రోజూ అదే డైనింగు టేబులు, అదే కిటికీ వెలుగు, చిక్కుడుకాయలు ఒలుస్తూనో పేపరు చదువుతూనో అమ్మ. మొదట్లో కొంగు సర్దుకుని కూర్చునేది. నెల పోయాక నన్ను పట్టించుకోవటం మానేసింది. అసలు ఫొటోలు అప్పట్నుంచి వచ్చాయి. ప్రింట్లు వేసి ఒక ఆల్బములో పెట్టా, నలభై ఉన్నాయి. రట్ ఏమైందో నాకు తెలీదు. ఎప్పుడు పోయిందో చూసుకోలేదు.

కాబట్టి మొహం వేలాడేసినవాళ్ళకి నేను చెప్పేదింతే. కొనబోయేది ఓ మూడు నెలలు ఆపండి. ముందు డిస్కు తెరిచి, ఉన్నవాటిలో యాభై ఏరండి. ఆ యాభైలో మీ ఇంటివాళ్ళెంతమంది ఉన్నారో, మీ వీధి ఎంత ఉందో లెక్క పెట్టండి. తర్వాత నడిచి వెళ్ళగలిగే దూరంలో ఒకే ఒక్కదాన్ని పట్టుకోండి. పూలమ్మే ఆవిడో, లిఫ్టు ముందు కూర్చునే తాతగారో, బాల్కనీ కిటికీయో. బోరు కొడుతుంది. కొట్టనివ్వండి. చూడటం మొదలయ్యేది ఆ బోరు తర్వాతే. దాటకముందే పారిపోయి ఇంకో ఊరు పోతే, అక్కడికి కూడా వెనకాలే వస్తుంది.

ఇక మా కుర్రాడి సంగతి. నిన్న లెన్సు వచ్చింది. నేరుగా క్యాంటీన్‌కే పట్టుకొచ్చి మొదటి ఫొటో అక్కడే తీశాడు. స్క్రీను నా మొహమ్మీద పెట్టి చూపించాడు. టీ గ్లాసు అంచు కత్తిలాగా షార్పుగా ఉంది, వెనకాలంతా వెన్నలా కరిగిపోయింది. ఆ కరిగిపోయిన దాంట్లో నీలం చీర ఒకటి కనపడుతోంది. మాకు టీ పోసే ఆవిడ.

"ఆవిడ పేరేంట్రా?" అనడిగా.

మూడేళ్ళుగా రోజుకి రెండుసార్లు ఆవిడ చేతి టీ తాగుతున్నాడు. తెలీదన్నాడు. ముందు అది కనుక్కుని రమ్మన్నా.